మీ వార్డ్‌రోబ్‌లో ఎంత యూరియా ఉంది? జర్మనీ పార్టికల్ బోర్డు లెక్క

ఈ వారం ఎపిసోడ్‌కి తోడుగా రాస్తున్న వ్యాసం ఇది. ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్ ఎప్పటిలాగే విడిగా ఉంది. మాటల్లో చెబుతుంటే అంకెలు చెవికెక్కవు కాబట్టి అక్కడ లెక్కలన్నీ దాటేశాం. వాటిని ఇక్కడ నింపాదిగా చూద్దాం. ఎపిసోడ్ వినకపోయినా ఇది అర్థమవుతుంది.

జర్మనీలో ఇల్లు తీసుకున్న మొదటి నెలలో మనందరి కథా ఇంచుమించు ఒకటే. ఖాళీ గోడలు. చాలాచోట్ల కిచెన్ కూడా ఉండదు. శనివారం పొద్దున్నే ఫర్నిచర్ షాపు, అట్టపెట్టెలు, ఎవరో ఒక ఫ్రెండు కారు, రాత్రి పదకొండింటి దాకా అలెన్ కీ తిప్పడం. మ్యూనిక్‌లో ఐటీ ఉద్యోగమైనా, లైప్‌జిగ్‌లో వేర్‌హౌస్ షిఫ్టయినా, ఆసుపత్రిలో నర్సు పనైనా ఇందులో తేడా లేదు. అలా బిగించినదాన్ని మనం చెక్క బీరువా అంటాం. చెక్కే, కానీ చెట్టుని కోసిన పలక కాదు. చిన్న చిన్న చెక్క పేళ్ళని జిగురుతో కలిపి, వేడి ప్రెస్సులో నొక్కి, పైన చెక్క గీతలు అచ్చేసిన కాగితం అంటించినది. జర్మన్లు దీన్ని ష్పాన్‌ప్లాటె అంటారు. మనం పార్టికల్ బోర్డు అంటాం. తలుపు లోపలి భాగం, కిచెన్ కౌంటర్, నేల మీద లామినేట్ కింద ఉండే గట్టి పొర, కొత్త ఇళ్ళ పైకప్పు కింద కనిపించే ఓఎస్‌బీ పలకలు, అన్నీ ఈ కుటుంబంవే.

శ్రోతలు ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇది. "కాంక్రీటు కంటే, ప్లాస్టిక్ కంటే చెక్క మంచిదే కదండీ. బోర్డు కంపెనీల పత్రాల్లో కార్బన్ అంకె మైనస్‌లో ఉంటుంది. అంటే బోర్డు కొంటే గాలి శుభ్రపడుతుందా?"

ఆ మైనస్ అంకె అబద్ధం కాదు. కానీ అది మొదటి నెలలోనే పాడుకున్న చీటీ లాంటిది. డబ్బు ముందే చేతికొస్తుంది, కట్టాల్సిన వాయిదాలు మాత్రం అలాగే ఉంటాయి. ఆ వాయిదాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూద్దాం.

వృథా నుంచి పుట్టిన వస్తువు

ముందు ఈ బోర్డుకి దక్కాల్సిన మర్యాద దక్కాలి. దీన్ని కనిపెట్టిన వాళ్ళలో ముఖ్యుడు మాక్స్ హిమ్మెల్‌హేబర్. 1904లో కార్ల్స్‌రూలో పుట్టాడు. నరికిన చెట్టులో సగానికి పైగా పలకగా మారకుండానే పోతోందని, కొమ్మలూ పేళ్ళూ పొట్టూ పొయ్యిలోకి వెళ్తున్నాయని ఆయన బాధ. ఆ వృథానే జిగురుతో పలక చేద్దామని 1932లో పేటెంట్ తీసుకున్నాడు. ఫ్యాక్టరీ స్థాయిలో తయారీ 1941లో బ్రెమెన్‌లో మొదలైంది. యుద్ధం తర్వాత కూలిపోయిన దేశాన్ని మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చినప్పుడు చవకగా దొరికే ఈ బోర్డు ఇంటింటికీ చేరింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఇదే హిమ్మెల్‌హేబర్ 1971లో రచయిత ఫ్రీడ్రిష్ గెయోర్గ్ యూంగర్‌తో కలిసి షైడెవేగె అనే పత్రిక మొదలుపెట్టాడు. ప్రకృతిని పట్టించుకోని పారిశ్రామిక సమాజాన్ని గట్టిగా ప్రశ్నించిన పత్రిక అది. ఐదేళ్ళకోసారి మార్చి పారేసే ఫర్నిచర్ వ్యాపారం ఏ బోర్డు మీద నిలబడి ఉందో, దాన్ని కనిపెట్టిన మనిషే వాడి పారేసే అలవాటుని నిలదీసిన వాళ్ళలో ఒకడు. చెట్టుని వృథా చేయకుండా పుట్టిన వస్తువు, చివరికి తనే వృథా అయ్యే వస్తువుగా మారింది.

పొగగొట్టం మీది తెల్లటి మబ్బు

జర్మనీలో ఈ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. బ్రిలోన్‌లో, విస్మార్‌లో ఎగ్గర్, నోయ్‌మార్క్ట్‌లో ప్‌ఫ్లైడెరర్, హైలిగెన్‌గ్రాబెలో స్విస్ క్రోనో, లాంపెర్ట్స్‌వాల్డెలో క్రోనోష్పాన్. బోర్డులు నొక్కే భారీ ప్రెస్సులు కూడా ఇక్కడివే. క్రేఫెల్డ్‌లోని జీంపెల్‌కాంప్, ఎప్పింగెన్‌లోని డీఫెన్‌బాఖర్ వాటిని ప్రపంచమంతా అమ్ముతాయి. రైల్లో వెళ్తుంటే దూరం నుంచి ఇలాంటి ఫ్యాక్టరీని గుర్తుపట్టే తేలికైన గుర్తు, డ్రయ్యర్ మీద నిలబడ్డ తెల్లటి మబ్బు. అందులో ఎక్కువ భాగం నీటి ఆవిరే. ఖర్చు మొదలయ్యేది అక్కడే.

ఒక ఘనపు మీటరు పార్టికల్ బోర్డు సుమారు 650 కిలోల బరువు అనుకోండి. అందులో జిగురూ తేమా తీసేస్తే పూర్తిగా ఎండిన కలప 560 కిలోల దాకా ఉంటుంది. అప్పుడే నరికిన కలపలో, దాని ఎండు బరువుకి కాస్త తక్కువగా నీళ్ళుంటాయి. ప్రెస్సులోకి వెళ్ళేముందు పేళ్ళలో తేమ రెండు మూడు శాతానికి దిగాలి. లేకపోతే లోపల ఆవిరి చిక్కుకుని బోర్డు పగిలిపోతుంది. అంటే ఒక్క ఘనపు మీటరు బోర్డు కోసం దాదాపు 500 కిలోల నీళ్ళని ఆవిరి చేయాలి. ఫిజిక్స్ లెక్క ప్రకారమే దానికి కనీసం 310 కిలోవాట్ అవర్లకి పైగా వేడి కావాలి. నిజమైన డ్రయ్యర్‌లో ఇంకా ఎక్కువ అవుతుంది. ఫ్లాట్‌లో ఒక్కరే ఉండేవాళ్ళకి రెండు నెలల పైన వచ్చే కరెంటు అది.

ఇప్పుడు అదే బోర్డుని పాత ఫర్నిచర్, పాత ప్యాలెట్లు చిదిమి చేశారనుకోండి. ఇంట్లో ఉండి ఆరిపోయిన చెక్కలో తేమ ఇరవై శాతమో, అంతకంటే తక్కువో ఉంటుంది. ఆవిరి చేయాల్సిన నీళ్ళు వంద కిలోల దగ్గరకి పడిపోతాయి. ఐదో వంతు. రీసైకిల్ అంటే చెట్టు మిగలడమే అనుకుంటాం. ఇక్కడ అంతకంటే ముందు మిగిలేది వేడి.

ఫ్యాక్టరీలు ఈ వేడిలో చాలా భాగాన్ని బెరడు, సాండింగ్ పొట్టు, బోర్డుకి పనికిరాని పాత కలప కాల్చి తెచ్చుకుంటాయి. అందుకే పత్రాల్లో ఈ వాటా పునరుత్పాదక శక్తి కింద పడుతుంది. కానీ పొట్టు కాల్చినా పొగ పొగే కదా. సన్నటి ధూళి, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. దానికి తోడు వేడెక్కిన పైన్, స్ప్రూస్ పేళ్ళ నుంచి టర్పెంటైన్ వాసన వేసే ఆవిర్లు, కొంత ఫార్మాల్డిహైడ్ కూడా బయటికొస్తాయి. వీటిని పట్టుకోవడానికి తడి ఎలక్ట్రోస్టాటిక్ ఫిల్టర్ల లాంటివి పెడతారు. యూరప్ మొత్తానికీ ఈ పరిశ్రమలో వాడాల్సిన మెరుగైన పద్ధతుల మీద 2015 నవంబరులో ఈయూ ఒక నిర్ణయం ఇచ్చింది. జర్మనీలో గాలి నియమావళి టీఏ లుఫ్ట్‌ని మార్చి 2021 డిసెంబరు నుంచి అమల్లో పెట్టారు. ఫ్యాక్టరీ పక్క ఊళ్ళలో ఉండేవాళ్ళకి కార్బన్ అంకె కంటే ఈ ఫిల్టర్లే ముఖ్యం, అది సహజం.

ఎండీఎఫ్ అయితే ఖర్చు ఇంకొక మెట్టు పైన. పేళ్ళని ఆవిరితో ఉడికించి, గాళ్ళున్న రెండు ఉక్కు డిస్కుల మధ్య నూరి, దూది లాంటి పీచు చేస్తారు. గ్రైండర్‌లో పప్పు రుబ్బినట్టే, కాకపోతే వేల కిలోవాట్ల మోటార్లతో. కరెంటూ ఎక్కువే, జిగురూ ఎక్కువే.

యూరియా బస్తా

జిగురు దగ్గరికొద్దాం. నా ఉద్దేశంలో అసలు కథ ఇక్కడే ఉంది. చెక్క గురించి అందరూ మాట్లాడతారు, జిగురు గురించి ఎవరూ మాట్లాడరు.

ఇంట్లో వాడే పార్టికల్ బోర్డులో ఎక్కువగా ఉండేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. అవును, మన పొలాల్లో చల్లే అదే యూరియా. సొసైటీ ముందు క్యూలో మనిషికి బదులు చెప్పులు పెట్టి వచ్చే ఆ యూరియానే. దాన్ని ఫార్మాల్డిహైడ్‌తో కలిపి వేడి చేస్తే జిగురవుతుంది. బోర్డు బరువులో ఎనిమిది శాతం దాకా గట్టిపడ్డ జిగురు ఉంటుందనుకుంటే, ఘనపు మీటరుకి 50 కిలోలు. ఆ జిగురు ఘనపదార్థంలో నాలుగైదో వంతులు యూరియా నుంచే వస్తుంది. అంటే 40 కిలోలు, ఇంచుమించు మన ఊరి 45 కిలోల బస్తా. 130 కిలోల పెద్ద వార్డ్‌రోబ్ ఘనపు మీటరులో ఐదో వంతు. దాని లోపల ఎనిమిది కిలోల యూరియా ఉంది. ఇది నేను వేసిన ఉజ్జాయింపు లెక్క. బోర్డుని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది, కానీ స్థాయి ఇదే.

యూరియా ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మోనియా నుంచి. అమ్మోనియాని గాలిలోని నైట్రోజన్‌తో, సహజవాయువు నుంచి తీసిన హైడ్రోజన్‌తో తయారుచేస్తారు. ఈ పద్ధతి మొదటిసారి పెద్ద ఎత్తున నడిచింది కూడా జర్మనీలోనే. 1913లో లుడ్విగ్స్‌హాఫెన్ పక్కన ఒప్పావులో బీఏఎస్ఎఫ్ మొదలుపెట్టింది. ఫార్మాల్డిహైడ్‌కి మూలం మెథనాల్, దానికీ ఎక్కువగా సహజవాయువే ఆధారం. అంటే "చెక్క" అని మనం కొన్న వస్తువులో పన్నెండో వంతు బరువు గ్యాసు మీద ఆధారపడి తయారైంది. బరువులో చిన్న వాటా, కానీ తయారీలో పడే శిలాజ ఇంధన భారంలో దీనిదే పెద్ద ముక్కల్లో ఒకటి.

ఇది పుస్తకాల్లో మాట కాదని 2022లో తేలింది. గ్యాసు ధరలు ఆకాశానికి ఎక్కినప్పుడు విట్టెన్‌బెర్గ్ దగ్గర, జర్మనీలోకెల్లా పెద్ద యూరియా తయారీదారు ఎస్‌కేడబ్ల్యూ పీస్టెరిట్స్ తన అమ్మోనియా ప్లాంట్లని కొన్నాళ్ళు ఆపేసింది. రైతుల ఎరువు, లారీల్లో పోసే ఆడ్‌బ్లూ, బోర్డుల జిగురు, మూడూ ఒకే గ్యాసు పైపుకి వేలాడుతున్నాయి.

ఓఎస్‌బీలో ఎక్కువగా ఐసోసయనేట్ జిగురు వాడతారు. దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ రాదు. ఇంట్లో ఉండేవాళ్ళకి అది మేలే. కానీ దాని మూలం పెట్రోలియం కెమిస్ట్రీ. పైగా గట్టిపడక ముందు దాని ఆవిరి ఫ్యాక్టరీ కార్మికుల ఊపిరితిత్తులకి ప్రమాదం, ఆస్తమా తెస్తుంది.

మైనస్ అంకె ఎలా వస్తుంది

జర్మనీలో నిర్మాణ సామగ్రికి పర్యావరణ పత్రాలుంటాయి. పొట్టిగా ఈపీడీ అంటారు. ఇల్లు కట్టే ఆర్కిటెక్టులు ఇలాంటి అంకెల్ని ప్రభుత్వం ఉచితంగా పెట్టిన ఓకోబావ్‌డాట్ అనే డేటాబేస్ నుంచి తీసుకుంటారు. ఈ పత్రంలో వస్తువు జీవితాన్ని అక్షరాలతో విడగొడతారు. ఎ1 నుంచి ఎ3 దాకా ముడిసరుకు, రవాణా, తయారీ. సి అంటే పారేసే దశ. డి అంటే పారేశాక వచ్చే లాభం.

చెట్టు పెరిగేటప్పుడు గాలి నుంచి తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని ఎ1లో మైనస్‌గా రాస్తారు. ఎండు కలపలో సగం బరువు కార్బనే. మన 560 కిలోల లెక్కలో అది ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. ఆ వార్డ్‌రోబ్ ఒక్కదాంట్లోనే 200 కిలోలు. తయారీలో పడిన శిలాజ భారం ఇంతకంటే తక్కువ కాబట్టి ఎ1 నుంచి ఎ3 దాకా కూడితే మొత్తం మైనస్‌లోకి పోతుంది. అమ్మేవాళ్ళు ఇక్కడి దాకా చూపించి ఆపేస్తే చాలా అందంగా ఉంటుంది.

కిందికి చదివితే సి3 గడిలో అదే టన్ను ప్లస్‌గా తిరిగొస్తుంది. బోర్డుని కాల్చినా, మరో కంపెనీకి ముడిసరుకుగా ఇచ్చినా, ఈ వస్తువు లెక్కలోంచి ఆ కార్బన్ బయటికి వెళ్ళిపోయినట్టే రాయాలి. రెండూ కలిస్తే సున్నా. మిగిలేది గ్యాసు, కరెంటు, డీజిల్, జిగురు. ఒకప్పుడు కొన్ని పత్రాలు సి గడులు లేకుండానే వచ్చేవి. ఈఎన్ 15804 ప్రమాణాన్ని సవరించాక పారేసే దశ చూపించడం దాదాపు తప్పనిసరి అయింది, శిలాజ కార్బన్‌నీ చెట్టు కార్బన్‌నీ వేరువేరు వరసల్లో రాయాలి. కాబట్టి మీలో ఎవరైనా నిర్మాణ రంగంలో, ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో పనిచేస్తుంటే మొత్తం అంకె కాదు, శిలాజ వరస చూడండి.

డి గడి గురించి ఒక్క మాట. బోర్డుని కాల్చి వచ్చిన వేడితో గ్యాసు ఆదా అయిందని అక్కడ మైనస్ రాస్తారు. ఇప్పటికది కొంత నిజమే. కానీ కరెంటూ హీటింగూ శుభ్రమైన కొద్దీ ఆ ఆదా కరిగిపోతుంది. ఈ రోజు కొన్న బోర్డు ఇరవై ఏళ్ళ తర్వాత కాలితే, అప్పటికి అది ఆదా చేసేదేముంటుంది?

కాబట్టి బోర్డు చేసే నిజమైన మేలు ఒకటే. కార్బన్‌ని పట్టుకుని కూర్చోవడం. ఎన్నేళ్ళు కూర్చుంటుందన్నదే ప్రశ్న. జర్మన్ అడవిలో స్ప్రూస్ చెట్టు కోతకి రావడానికి ఎనభై, వంద ఏళ్ళు పడుతుంది. వార్డ్‌రోబ్ రెండు ఇళ్ళు మారేసరికి వీధిలో ఉంటే, కొత్త మొక్క ఇంకా మోకాలెత్తు కూడా రాకముందే పాత చెట్టు కార్బన్ గాలిలో కలిసిపోయినట్టు.

అడవి ఒప్పుకోవాలి కదా

పైన చెప్పిన మైనస్ రాసుకోవడానికి ఒక షరతుంది. కలప వచ్చిన అడవి తగ్గకుండా ఉండాలి. జర్మనీలో మూడో వంతు నేల అడవే, నరికినచోట నాటడం ఇక్కడ పాత పద్ధతి. చాలాకాలం ఈ షరతు మీద ఎవరికీ అనుమానం రాలేదు.

హార్జ్ కొండల్లో బ్రొకెన్ ఎక్కడానికి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. దారి పొడవునా బూడిద రంగులో నిలబడ్డ చచ్చిన స్ప్రూస్ చెట్లు. 2018 నుంచి వరసగా వచ్చిన కరువు ఏళ్ళు చెట్లని బలహీనం చేశాయి. బెరడు కింద గుడ్లు పెట్టే బొర్కెన్‌కేఫర్ అనే చిన్న పురుగు మిగతా పని పూర్తి చేసింది. ఉపగ్రహ చిత్రాలతో జర్మన్ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ వేసిన లెక్క ప్రకారం 2018 జనవరి నుంచి 2021 ఏప్రిల్ లోపు 5 లక్షల హెక్టార్ల పైన చెట్లు పోయాయి. ఆ కలప ఒక్కసారిగా మార్కెట్‌లో పడి ధర కూలింది. 2024 అక్టోబరులో వచ్చిన జాతీయ అటవీ గణన ఇంకో మాట చెప్పింది. 2017 తర్వాత జర్మన్ అడవుల్లో నిలవున్న కార్బన్ తగ్గింది. అడవి పీల్చేదాని కంటే వదిలేది ఎక్కువైంది.

పురుగు చంపిన చెట్టుని బోర్డు చేయడం తప్పు కాదు, కుళ్ళిపోయే దానికంటే మేలే. నా అభ్యంతరం లెక్క మీద. అడవి తగ్గట్లేదన్న నమ్మకంతో రాసిన మైనస్‌ని, అడవే నష్టంలో ఉన్న ఏళ్ళలో కూడా అదే ధీమాతో రాయొచ్చా?

మన దగ్గర పరిస్థితి వేరు. పటాన్‌చెరు నోవోపాన్ పేరు పాతవాళ్ళకి తెలుసు. శ్రీకాళహస్తి దగ్గర ఎండీఎఫ్ ఫ్యాక్టరీ నడుస్తోంది. అక్కడ ముడిసరుకు వందేళ్ళ అడవి కాదు, రైతు పొలంలో కొద్ది ఏళ్ళకే కోతకొచ్చే జామాయిల్, సుబాబుల్, సరుగుడు. అక్కడి ప్రశ్న కార్బన్ కంటే ముందు నీళ్ళు, గిట్టుబాటు ధర. దాని మీద విడిగా ఒక ఎపిసోడే చేయాలి.

ఇంట్లో గాలి

జిగురు చేసే రెండో పని మన ముక్కుకి తెలుస్తుంది. యూరియా జిగురు నీటి తేమకీ వేడికీ మెల్లగా విడిపోతుంది, ఆ విడిపోయినప్పుడు ఫార్మాల్డిహైడ్ బయటికొస్తుంది. కొత్త బీరువా తలుపు తీసినప్పుడు కళ్ళు మండేది అందుకే. 1970ల్లో జర్మనీలో స్కూళ్ళలో, రెడీమేడ్ ఇళ్ళలో ఇది పెద్ద గొడవ అయింది. అప్పటి ఆరోగ్య శాఖ సంస్థ 1977లో ఇంటి గాలికి 0.1 పీపీఎం హద్దు సూచించింది. 1980లో ఇ1 అనే తరగతి వచ్చింది, 1986 నుంచి అంతకంటే ఎక్కువ వదిలే బోర్డు అమ్మకూడదన్నారు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని 2004లో డబ్ల్యూహెచ్ఓ క్యాన్సర్ సంస్థ తేల్చింది. 2020 జనవరి 1 నుంచి జర్మనీ పరీక్ష పద్ధతిని మార్చి, ఉన్న హద్దునే దాదాపు రెట్టింపు కఠినం చేసింది. ఈయూ మొత్తానికి 2026 ఆగస్టు 6 నుంచి ఫర్నిచర్‌కీ చెక్క వస్తువులకీ ఘనపు మీటరు గాలిలో 0.062 మిల్లీగ్రాముల హద్దు వర్తిస్తుంది.

యాభై ఏళ్ళ నాటితో పోలిస్తే ఇప్పటి బోర్డు చాలా నయం. భయపడాల్సిన పనిలేదు, కానీ చిన్న గదిలో ముగ్గురు ఉంటూ, చలికాలమంతా కిటికీ తీయకుండా, అన్నం కూరల ఆవిరితో గది నింపేస్తే, వేడీ తేమా రెండూ పెరిగి వాసన పెరుగుతుంది. ఇంటి ఓనరు రోజూ కిటికీలు పూర్తిగా తెరవమని గొణిగేది బూజు కోసమే అనుకుంటాం. కొత్త ఫర్నిచర్‌కి కూడా అదే మందు. పసిపిల్లల గదిలో అయితే కొత్త సామాను బిగించి కొన్ని వారాలు గాలి పోనిచ్చాక పిల్లల్ని పడుకోబెట్టండి. కొనేటప్పుడు బ్లావర్ ఎంగెల్ గుర్తుంటే ఆ బోర్డు చట్టం అడిగినదానికంటే తక్కువ వదులుతుందని అర్థం. బోర్డుని కోసి అంచులు వదిలేయకండి. పైనున్న కాగితం పొర వాసనని ఆపుతుంది, తెరిచిన అంచు ఆపదు. అందుకే అంచు పట్టీ అంటించాలి.

పనిచోట ధూళి

కిచెన్ ఫిట్టింగ్, ఫర్నిచర్ అసెంబ్లీ, కార్పెంటరీ ఔస్‌బిల్డుంగ్, పలకలు కోసే గోడౌన్ పనుల్లో ఉన్నవాళ్ళు ఇది కాస్త జాగ్రత్తగా చదవండి.

చెక్క ధూళి మామూలు దుమ్ము కాదు. జర్మనీలో పనిచోట గాలిలో దీని హద్దు ఘనపు మీటరుకి 2 మిల్లీగ్రాములు. ఓక్, బీచ్ ధూళి వల్ల ముక్కు లోపల వచ్చే ఒక రకం క్యాన్సర్‌ని ఇక్కడ వృత్తి వ్యాధిగా 4203 నంబరు కింద గుర్తిస్తారు. వ్యాధి బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే చేసిన పనికి రుజువు దాచుకోవాలి. ఏ కంపెనీ, ఏ ఏళ్ళు, ఏ పని, ఏ చెక్క. ఇండియా తిరిగి వెళ్ళిపోయాక కూడా ఈ కాగితాలు పారేయొద్దు. ఎండీఎఫ్ కోసినప్పుడు వచ్చే పొడి ఇంకా సన్నగా ఉంటుంది, దాంట్లో జిగురు కూడా ఉంటుంది.

రంపానికి సక్షన్ తగిలించకుండా కోయమంటే అడగండి, అడగడం మీ హక్కు. మాస్కు సక్షన్‌కి బదులు కాదు, అదనం. పని అయ్యాక బట్టల మీద దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదడం చాలామందికి అలవాటు, అదే అన్నిటికంటే చెడ్డది. నేలమీద పడ్డ దుమ్మంతా మళ్ళీ ముక్కులోకి లేస్తుంది. వాక్యూమ్ చేయాలి. మినీజాబ్ అయినా సరే, మొదటి రోజు నుంచీ మీకు ప్రమాద బీమా ఉంటుంది. దాన్ని చూసేది బెరూఫ్స్‌గెనోసెన్‌షాఫ్ట్, డబ్బు కట్టేది కంపెనీ. మీ జీతంలోంచి కోత ఉండదు.

పారేసేటప్పుడు

2003 మార్చి 1 నుంచి జర్మనీలో ఆల్ట్‌హోల్జ్, అంటే పాత కలప మీద ఒక చట్టం ఉంది. కలపని నాలుగు తరగతులు చేస్తుంది. ఏమీ పూయని చెక్క ఎ1. జిగురు, రంగు, సన్‌మైకా లాంటి పూత ఉన్నా హాలోజన్ లేనిది ఎ2. పీవీసీ లాంటి పూత ఉన్నది ఎ3. పురుగుమందు పట్టించిన రైలు స్లీపర్లు, కరెంటు స్తంభాల్లాంటివి ఎ4. మొదటి రెండూ మళ్ళీ బోర్డు కావచ్చు. మూడోది పూత తీసేస్తేనే. నాలుగోది కాకూడదు. ఇటలీలో సావియోలా అనే కంపెనీ పూర్తిగా పాత కలపతోనే బోర్డులు చేస్తోంది కాబట్టి ఇది సాధ్యం కాదనే మాట లేదు. జర్మనీలో మాత్రం పాత కలపలో పెద్ద భాగం ఇప్పటికీ విద్యుత్ కేంద్రాల్లో కాలుతుంది.

మనకి సంబంధించిన కిటుకు ఏమిటంటే, ష్పెర్‌ముల్‌లో సోఫాలూ పరుపులతో కలిపి వేసిన చెక్కని ఈ చట్టం మామూలుగా ఎ3గా లెక్కేస్తుంది. మీ బీరువా శుభ్రమైన ఎ2 అయినా ఆ గుంపులో పడితే దాని తరగతి దిగిపోయినట్టే. వెర్ట్‌ష్టోఫ్‌హోఫ్‌కి తీసుకెళ్ళి కలప కంటైనర్‌లో వేస్తే కొంత మెరుగు. కీళ్ళూ హ్యాండిళ్ళూ తీసేస్తే ఇంకా మెరుగు.

అంతకంటే చాలా మెరుగైనది పారేయకపోవడం. ఇల్లు మారేటప్పుడు పాత అద్దెదారు కిచెన్‌ని ఆబ్‌లోజె కింద తీసుకోవడం మన పర్సుకీ మంచిదే, పైన వేసిన లెక్కకీ మంచిదే. కొత్త జిగురు, కొత్త ఆవిరి, ఏమీ అక్కర్లేదు. పార్టికల్ బోర్డులో స్క్రూ పట్టు తక్కువ. ఒకసారి విప్పి బిగిస్తే సగం ప్రాణం పోతుంది. అందుకే వీలైతే బీరువాని పూర్తిగా విప్పకుండా పెద్ద భాగాలుగా మోయండి. విప్పాల్సే వస్తే చెక్క డోవెల్స్‌కి కొంచెం కార్పెంటర్ జిగురు రాసి బిగించండి, వదులైన కన్నంలో అగ్గిపుల్లలు జిగురుతో దూర్చి మళ్ళీ స్క్రూ ఎక్కించండి. వెనకాల సన్నటి షీటుకి మేకులన్నీ కొట్టండి. బీరువా ఊగకుండా పట్టుకునేది అదే, మనం బద్ధకించేదీ అక్కడే.

ఇక చివరిగా, వేసవిలో నది ఒడ్డున గ్రిల్ పార్టీలు. విరిగిన షెల్ఫ్ ముక్కలు మంటలో వేయడం నేను కళ్ళారా చూశాను. ఇంట్లో కామిన్ పొయ్యిలో కాల్చడానికి జర్మన్ చట్టం సహజమైన చెక్కనే ఒప్పుకుంటుంది. బోర్డుల్ని వేడి కోసం కాల్చడం చెక్క పనిచేసే సంస్థల్లోని పెద్ద బాయిలర్లకే పరిమితం. బయట మంటలో వేస్తే అది చెత్త కాల్చడమే, ఫైన్ పడొచ్చు. ఫైన్ సంగతి అటుంచినా, జిగురూ పూతా కాలిన ఆ పొగ నేరుగా చికెన్ ముక్కలకి పడుతుంది. బొగ్గు సంచి ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా దొరుకుతుంది.